కొలత లేని క్రొత్తదనము

సైకిలు తొక్కునపుడు కాలి క్రింద కటకటమను చప్పుడు పుట్టెనేని, పెడలు నొక్కినపుడెల్ల ఏదో సడలి ప్రక్కకు జరిగినట్లు తోచెనేని, దుకాణమునకు పోయిన మనుష్యునకు నేడు మన పట్టణములలో లభించు సమాధానము దాదాపుగా ఒక్కటే: "బీబీ పోయిందండీ, మొత్తం తీసేసి సీల్డ్ బీబీ వేసేద్దాం, ఇక చూసుకోనక్కర్లేదు." ఈ మాట చెప్పువాడు మోసగాడని నేననను, అతడు నిజముగనే అట్లు నమ్ముచున్నాడు, వినువాడును నమ్ముచున్నాడు, సైకిళ్లను గూర్చి వ్రాయువారిలోను మాటలాడువారిలోను పెక్కురు ఆ నమ్మికకే శాస్త్రమని పేరు పెట్టి చాటుచున్నారు. విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించుకొను పాత బీబీకి కాలము చెల్లినదనియు, మూతపడి వచ్చు నూతన బీబీ అన్నివిధముల మేలైనదనియు, ఎంచుకొనుటలో ఆలోచింపవలసినదేమియు లేదనియు చెప్పు ఈ అభిప్రాయము మొదటినుండి తుదివరకు తప్పని నా దృఢవిశ్వాసము. బియ్యపు బస్తాను, పాలక్యాన్లను, చేపలగంపను మోయు సైకిలుపై సంసారము నడుపుకొను మనుష్యుడు ఈ తప్పునకు తన జేబులోని డబ్బే ధారపోయుచున్నాడు గనుక దీనిని సావధానముగ ఖండింపవలసి యున్నది.

సీటు క్రిందినుండి దిగు గొట్టమును, హ్యాండిలు వైపునుండి ఏటవాలుగ వచ్చు గొట్టమును, వెనుక చక్రమునకు పోవు రెండు సన్నని గొట్టములును కలియు చోట అడ్డముగ అమర్చిన పొట్టి గొట్టమును షెల్లందురు. దానికి ఇరుప్రక్కల మరతో బిగిసిన రెండు కప్పులు, ఆ కప్పులలో దొర్లు ఉక్కు గుండ్లు, ఆ గుండ్ల నడుమ తిరుగు ఇరుసు: బీబీ యనగా ఇంతియే. ఎదురుగాలిలో సీటు వదలి లేచి తొక్కువాని శరీరభారము, దానిని మించిన బలము కూడ, ఈ రెండు వరుసల గుండ్ల మీదనే పడును. ఇంత బరువు మోయు భాగము, సైకిలు మొత్తములో కంటికి కనబడని భాగము, ఒక్కటే యగుటచేత దానిని గూర్చి ఎవరేమి చెప్పినను ఎదురాడువారు లేకపోయిరి.

ముందుగా రోగమేదో తేల్చుకొనక మందు వేయు అలవాటును చూడుడు. చప్పుడు వచ్చిన ప్రతి సైకిలుకును బీబీ పోయినదని తీర్పు చెప్పుట ఎట్లు సాధ్యము? క్రాంకును ఇరుసునకు పట్టి యుంచు కాటరు పిన్ను అరిగినను అదే చప్పుడు, అదే ఊగిసలాట. పెడలులోని గుండ్లు పొడియైనను అదే చప్పుడు. చైనువీలు బోల్టు సడలినను, సీటు గొట్టము ఎండి రాసుకొన్నను, చెవికి అది కాలి క్రిందనే పుట్టినట్లుండును. పరీక్ష చాల సులభము. ఒక క్రాంకును చేత పట్టి ఫ్రేము వైపునకును బయటికిని ఊపవలయును. ఆ ఊపునకు అవతలి క్రాంకు కూడ కదలినచో ఇరుసే సడలినదని అర్థము, కదలక ఈవలిది మాత్రమే ఊగినచో తప్పు ఈ క్రాంకు పిన్నులో నున్నది, బీబీలో లేదు. ఈ పరీక్షకు పనిముట్టుతో అవసరము లేదు, అర నిమిషము చాలును. అయినను దీనిని చేయకయే ఇరుసులు, కప్పులు, ఒక్కొక్కచోట క్రాంకులతో సహా చైనువీళ్లు మార్చబడుచున్నవి. పది రూపాయలలో పోవు పిన్ను తప్పునకు వందల రూపాయల శిక్ష పడుచున్నది.

ఇరుసే సడలినదని తేలెననుకొందము. అప్పుడైనను మార్పు అనివార్యము కాదు. ఎడమవైపు లాకు రింగును వదులు చేసి, కప్పును విప్పి, ఇరుసును బయటికి లాగి, కిరసనాయిలుతో కడిగి, వెలుతురులో పట్టి చూచినవానికి సత్యము తనంతట తానే తెలియును. గుండ్లు దొర్లిన దారి కప్పులోపల సన్నని రేఖగా, నునుపుగా మెరయుచున్నచో ఆ కప్పు ఇంకను బలముగనున్నది. రేఖ నడుమ గోరు తగులుకొను గుంటలు పడినచో దానికి కాలము చెల్లినది. ఇరుసు మీది దారిని మరింత శ్రద్ధగ చూడవలెను. ఏలయన తొక్కువాడు కాలు బలముగ దింపు క్షణమున భారము ప్రతిసారియు ఇరుసులో ఒకే చోట పడును గనుక గుంటలు సాధారణముగ అక్కడనే మొదట పుట్టును. కుడివైపు కప్పును ఊడదీయకయే, ఎడమవైపునుండి టార్చి వెలుతురు పట్టి, వ్రేలికి గుడ్డ చుట్టి తుడిచి, దాని దారిని చూడవచ్చును. అది నునుపుగనున్నచో దానిని కదపకుండుటయే ఉత్తమము. పెక్కు సందర్భములలో మార్చవలసినవి గుండ్లు మాత్రమే. గుండు ఒక్కొక్కటి పావు అంగుళము, ప్రక్కకు పదకొండు, మొత్తము ఇరువదిరెండు. వాని ఖరీదు కంటె వానికి పట్టు గ్రీజు ఖరీదు ఎక్కువ.

ఈ పదకొండు అను సంఖ్యను గూర్చి ఒక మాట చెప్పక ముందుకు పోలేను. గుండ్లను విడివిడిగ అమర్చుటకు ఓర్పు లేక, రేకు వలలో ముందే బిగించిన గుండ్లను దుకాణములలో వాడుచున్నారు. ఆ వలలో సాధారణముగ తొమ్మిది గుండ్లే పట్టును. పదకొండు మోయవలసిన బరువును తొమ్మిదింటి మీద పెట్టినచో ఒక్కొక్క గుండు మీద భారము పెరుగుట లెక్క. ఆ పైన వల తిరుగబడి పడినచో దాని రేకు రాసుకొని, చిరిగి, ముక్కలు గుండ్ల నడుమ చిక్కి, కప్పును ఇరుసును కలిపి నమిలివేయును. ఆరు నెలలలో బీబీ పోయెను, పాత పద్ధతి పనికిరాదు అని యజమానుడు వాపోవును. పోయినది పద్ధతి వలన కాదు, రెండు గుండ్ల పిసినారితనము వలన. గ్రీజు నిండుగ పూసిన కప్పులో విడిగుండ్లను వలయముగ అతికించి, ఒక గుండు పట్టనంత ఖాళీ మాత్రము మిగిలినదా అని చూచుకొని, ఇరుసును దింపి, ఊగిసలాట సరిగ పోవువరకే, ఆ తరువాత వెంట్రుకవాసియైనను ఎక్కువ కాకుండ కప్పును త్రిప్పి, అది మరల తిరుగకుండ పట్టి యుంచి లాకు రింగును బిగించు పని తెలిసిన చేతికి పావుగంట పని. మన ఊళ్లలో దీనినే ఓవరాయిలింగు అని పిలిచి ఏటేట వానకాలము ముందును వెనుకను చేయించెడివారు.

పాతదను నిందకు ఇప్పుడు సమాధానము చెప్పెదను. పారిసు నగరమున జ్యూల్ స్యురిరే అను సైకిలు పనివాడు గుండ్ల బేరింగునకు పేటెంటు పొందినది 1869లో; ఆ సంవత్సరమే పారిసునుండి రువాఁ వరకు జరిగిన పందెమున జేమ్స్ మూర్ గెలిచిన బండికి అట్టి బేరింగులే యుండెను. ఉక్కు గుండ్లను ఒకే పరిమాణమున నునుపుచేయు యంత్రమును జర్మనీలో ష్వైన్‌ఫుర్టు పట్టణమున ఫ్రీడ్రిష్ ఫిషర్ 1883లో నిర్మించెను. నేడు మోటారులను, విద్యుద్యంత్రములను మోయుచున్న బేరింగు పరిశ్రమలో ఒక పెద్దపాయ ఈ సైకిలు పనివారి చేతినుండి పుట్టినది. పుట్టుక పాతదైనంతమాత్రమున చేవ తగ్గునా? తగ్గునని చెప్పువారు ఒక సంగతికి జవాబు చెప్పవలయును: జపానుకు చెందిన షిమానో సంస్థ పందెపు సైకిళ్లకై చేయు తన మేటి చక్రపు హబ్బులలో పెక్కింటికి ఇప్పటికిని విప్పి బిగించు కప్పు-కోను బేరింగులనే ఉంచినది. ప్రపంచమునందలి గొప్ప పందెములలో పరుగెత్తు చక్రమునకు పనికివచ్చు సూత్రము పిఠాపురము రోడ్డుపై కొబ్బరికాయలు మోయు సైకిలుకు పనికిరాదనుట ఏ తర్కము?

చేతితో త్రిప్పి చూపి, "చూడండి, కొత్తది ఎంత ఫ్రీగా తిరుగుతోందో" అని చూపెడు వాదము మరింత భ్రాంతికరమైనది. బరువు లేని ఇరుసు వ్రేళ్ల నడుమ ఎట్లు తిరిగినను దానివలన తెలియునది స్వల్పము. తొక్కువాని కాలు నిమిషమునకు అరువది, డెబ్బది చుట్లు తిరుగును. బేరింగునకు ఇది నడకకంటె నెమ్మదియైన వేగము. ఆ వేగమున, ఆ భారమున, చక్కగ బిగించిన రెండు బేరింగుల నడుమ గల రాపిడి భేదము తొక్కువానికి తెలియనంతటిది. చక్రములో గాలి తగ్గినందువలన కలుగు నష్టము ముందు అది లెక్కకు రాదు. నిజమునకు నిండుగ గ్రీజు పట్టిన బేరింగు చేతికి కొంచెము బరువుగనే తోచును, తోచవలయును కూడ.

ప్రతిపక్షులు బలముగ చెప్పు వాదము ఒకటి కలదు, దానిని దాటవేయుట న్యాయము కాదు. మనది వానల దేశము. గోదావరి డెల్టాలో కాలువగట్ల వెంట తిరుగు సైకిలుకు సీటు గొట్టము గుండ దిగిన నీరు షెల్లులో నిలుచును. కాకినాడ, బందరు, భీమిలి తీరములలో ఉప్పుగాలి ఇనుమును తినివేయును. రబ్బరు మూతలతో కట్టుదిట్టముగ వచ్చు సీల్డు బీబీకి ఈ బాధ తక్కువ. ఇది నిజము. నాలుగు పలకల ఇరుసు, అల్యూమినియము క్రాంకులు గల సైకిలును ప్రతిదినము వానలో ఆఫీసునకు తొక్కువాడు, విప్పి చూచు మెకానికు దగ్గర లేనివాడు, మంచి తయారీ సీల్డు బీబీ వేయించుకొనుట వివేకమే యనుటకు నాకేమియు సంకోచము లేదు. కాని మూత నీటిని ఆపునంతకాలమే దాని మేలు. ఒకసారి మూత దాటి లోపలికి పోయిన తేమ మరల వచ్చుటకు దారి లేదు. దానిని ఆరబెట్టుటకు, గ్రీజు మార్చుటకు విప్పు వీలు లేదు. లోపల రెండు బేరింగులలో ఒకటి చెడినను కొలకొల చప్పుడుతో మొత్తము ముక్క చెత్తకుప్పకు పోవలసినదే. పాతదానికి కూడ నీటినుండి రక్షణ లేకపోలేదు: రెండు కప్పుల నడుమ ఇరుసు చుట్టును తొడుగు పల్చని ప్లాస్టిక్కు గొట్టము పైనుండి రాలు తుప్పును, నీటిని గుండ్లపై పడనీయదు, షెల్లు అడుగున చిన్న రంధ్రము నీటిని దించివేయును. ఈ రెండును లేక గ్రీజు చూడక మూడేండ్లు వానలో నిలిపిన బేరింగును సీల్డు బేరింగుతో పోల్చి తీర్పు చెప్పుట, ఒక వాదికి వకీలును ఇచ్చి రెండవవానిని గదిలో బంధించి విచారణ జరిపినట్లున్నది.

మరియొక సంగతి. మన దేశమున నేటికిని పల్లెలలో తిరుగు నల్ల సైకిలు, అనగా రాడ్డు బ్రేకుల బండి, కాటరు పిన్ను క్రాంకులది. 1949లో మదరాసు దగ్గర అంబత్తూరున టీఐ సైకిల్సు, 1951లో సోనీపట్టున అట్లాసు, 1956లో లూధియానాలో హీరో సంస్థ వెలసి, బ్రిటిషు నమూనాపై చేసిన ఆ సైకిళ్లు ఊరూరికి చేరినవి. ఒక కంపెనీ కప్పు మరియొక కంపెనీ షెల్లున పట్టునట్లు, చెట్టు క్రింద పెట్టె పెట్టుకొన్న మెకానికు కూడ విడిభాగములు చేత నుంచుకొనునట్లు ఆ ఏర్పాటు పనిచేసెను. అంగడిలో వరుసగ అమ్ము సీల్డు బీబీకి నాలుగు పలకల ఇరుసుండును, కాటరు పిన్ను పట్టు గాడి యుండదు. కావున నల్ల సైకిలుకు అట్టి సీల్డు బీబీ వేయించుమనుట, రెండు క్రాంకులు, చైనువీలు కూడ మార్పించుమనుటయే. వంద రూపాయల పనిని వేయి రూపాయల పనిగ మార్చి, పాత క్రాంకులను తుక్కుకు త్రోసి, దానికి ఆధునికత యని పేరు పెట్టుట నాకు అంగీకారము కాదు. మరమ్మతు హక్కును గూర్చి విధివిధానములు రూపొందింప 2022లో కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ ఒక సంఘమును నియమించెను. ఫోనులకు, ట్రాక్టరులకు మనము నేడు కోరుచున్న ఆ హక్కు నల్ల సైకిలు బీబీలో ఏడు దశాబ్దములనుండి మన చేతిలోనే యున్నది. దానిని మనంతట మనమే వదలుకొనుచున్నాము.

పాత బీబీలు త్వరగ చెడుటకు కారణమును వెదకువారు పిన్ను కొట్టు తీరును కూడ చూడవలెను. పిన్ను బిగించునపుడో, ఊడదీయునపుడో క్రాంకు క్రింద ఏ ఆసరాయు లేక సుత్తితో బాదినచో ఆ దెబ్బ మొత్తము ఇరుసు మీదుగ గుండ్లకు, గుండ్లనుండి కప్పునకు పోయి, కప్పు దారిలో గుండు ఆకారపు నొక్కులు పడును. ఆ రోజునుండి ఆ బీబీ గరగరలాడును. క్రాంకు క్రింద నేలకు ఆని నిలుచు ఇనుప గొట్టపు ముక్క నొకదానిని పెట్టినచో దెబ్బ దాని గుండ నేలకు దిగిపోవును. ఈ గొట్టపు ముక్క ప్రతి దుకాణమునను ఉండదగినది, పాతతరము మెకానికుల పెట్టెలలో ఉండెడిది. నేడు చాలచోట్ల కానరాదు. నేటి కప్పుల ఉక్కు నాసిరకమని, పైపొర మాత్రము గట్టిపరచి లోపల మెత్తగ వదలుచున్నారని చెప్పు ఫిర్యాదులో కూడ సత్యమున్నది. కాని దానికి విరుగుడు మంచి కప్పును, మంచి ఇరుసును అడిగి కొనుట, ఇరుసును కప్పులను ఒకే జతగ కొనుట. నాసిరకపు సీల్డు బీబీలును అంగడిలో కొల్లలుగ నున్నవి. వానిలోని చౌక ఉక్కు మూతచాటున నుండుటచేత మనకు కనబడదు, అంతియే.

ఇక ఎంపికను గూర్చిన మాట. మార్చవలసిన అవసరము నిజముగ వచ్చినపుడు, పాతదైన సరే, సీల్డుదైన సరే, 'అన్నింటికి ఒకటే పడుతుంది' అని చెప్పి చేతికందిన దానిని బిగించుటకంటె అనర్థకరమైన అలవాటు లేదు. బ్రిటిషు పద్ధతి షెల్లు మర 1.37 అంగుళముల వ్యాసమున అంగుళమునకు ఇరువదినాలుగు చుట్లది. ప్రపంచమంతట దీనికి బీఎస్‌ఏ మర యనియే వాడుక. ఇటలీ పద్ధతిది 36 మిల్లీమీటర్లు, షెల్లు వెడల్పు 70. ఫ్రెంచిది 35 మిల్లీమీటర్లు. పూర్వపు ర్యాలీ సైకిళ్లలో కొన్నింటికి అంగుళమునకు ఇరువదియారు చుట్ల మర యుండెడిది. ఇరువదినాలుగు చుట్ల కప్పును దానిలో బలవంతముగ త్రిప్పినచో మొదటి రెండు చుట్లు పట్టినట్లే పట్టి, తరువాత షెల్లు మరను నాశనము చేయును, ఆపైన ఫ్రేమే పోయినట్లు. బీఎస్‌ఏ షెల్లులోనే 68 మిల్లీమీటర్ల వెడల్పుదొకటి, 73 మిల్లీమీటర్లదొకటి. వీనిని వెర్నియరుతో కొలువక కంటితో నిర్ణయించు నేర్పు ఎవ్వరికిని లేదు.

బీఎస్‌ఏ పద్ధతిలో కుడివైపు కప్పు మర తిరుగు మర, దుకాణపు మాటలో రివర్సు త్రెడ్డు: దానిని సవ్యముగ త్రిప్పినచో ఊడును, అపసవ్యముగ త్రిప్పినచో బిగియును. దీనికి కారణము తెలియనివారు దీనిని ఆంగ్లేయుల చాదస్తమని తలచెదరు. గుండ్లు దొర్లునపుడు భారము కప్పు లోపలి చుట్టున ఇరుసుతోబాటు తిరుగుచుండును. రవ్వంత సడలిన కప్పు ఆ తిరుగు భారమునకు లోబడి ఇరుసు తిరుగు దిక్కునకు ఎదురుగ కొద్దికొద్దిగ జరుగును. కుడిప్రక్క సాధారణమర యున్నచో ఈ జరుగుడు కప్పును ఊడదీయును. తిరుగు మర యున్నచో బిగించును. ఇటలీ షెల్లులో రెండు ప్రక్కలను సాధారణమరయే గనుక వానిలో కుడి కప్పు సడలునను ఫిర్యాదు ప్రసిద్ధము. ఈ సంగతి తెలియక కుడి కప్పును ఎడమకప్పు వలెనే ఊడదీయబోయి, పానాకు పొడవైన గొట్టము తగిలించి, ఇద్దరు మనుష్యులు వ్రేలాడి, విప్పవలసిన దానిని మరింత బిగించి, కప్పు అంచులు విరుగగొట్టిన దృశ్యము దుకాణములలో అరుదు కాదు. ఆపై 'తుప్పు పట్టి ఊడలేదు' అను మాట.

ఇరుసు పొడవు మరింత సూక్ష్మమైన విషయము. నాలుగు పలకల ఇరుసులు 107, 110, 113, 118, 122.5, 127.5 మిల్లీమీటర్లు మొదలగు పొడవులలో దొరకును. అయిదు మిల్లీమీటర్ల పొడవెక్కువైన ఇరుసు వేసినచో చైనువీలు రెండున్నర మిల్లీమీటర్లు బయటికి జరుగును. చైను వంకరగ పరుగెత్తి, పండ్లను ఒకప్రక్కనే తినుచు, గేర్లు మార్చునపుడు తడబడును. పొట్టిదైనచో చైనువీలు వెనుక గొట్టమును గీచును. ఇంతటితో పోదు: ఇరుసు కొసన క్రాంకు దిగు పలకల వాలు జపాను పద్ధతిలోను ఐఎస్ఓ పద్ధతిలోను ఒకటే యైనను కొస పరిమాణము వేరు, ఐఎస్ఓ క్రాంకును జపాను ఇరుసుపై ఎక్కించినచో అది సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు తక్కువ దిగి బయటనే నిలుచును, జపాను క్రాంకును ఐఎస్ఓ ఇరుసుపై ఎక్కించినచో లోతుగ దిగి, బోల్టు బిగిసినట్లే తోచి, క్రాంకు మాత్రము బిగియకుండును. అట్లు నడిచిన అల్యూమినియము క్రాంకు రంధ్రము కొన్ని దినములలో గుండ్రనై పోవును, దానికి చికిత్స లేదు. కావున పాత ఇరుసు కొలత వ్రాసికొనక, దాని మీది అచ్చులు చదువక, క్రొత్తది కొనువాడు కొనుచున్నది బీబీ కాదు, రాబోవు మరమ్మతుల వరుస.

ఖరీదైన సైకిళ్ల లోకమున ఈ క్రొత్తదనపు మోహము ఎంతవరకు పోయినదో చూచినచో నా వాదమునకు సాక్ష్యము అక్కడనే దొరకును. ఇరుసు లావైనచో గట్టిదగునను మాట నిజమే. 1996 ప్రాంతమున షిమానో ఆక్టాలింకు, దాని వెనువెంటనే ఇతర కంపెనీలు కలిసి చేసిన ఐసిస్ పద్ధతి, లావాటి బోలు ఇరుసులను తెచ్చినవి. షెల్లు మాత్రము పాత షెల్లే. లావు ఇరుసును అదే గొట్టములో ఇరికించినచో గుండ్లకు మిగులు చోటు తగ్గును, గుండ్లు చిన్నవి కావలెను, చిన్న గుండ్లు అదే భారము మోసి త్వరగ చావవలెను. ఐసిస్ బీబీల అల్పాయుష్షు ఆ రోజులలో మెకానికులందరికి తెలిసినదే. అప్పుడు బేరింగులను షెల్లు బయటికి తీసి, 24 మిల్లీమీటర్ల ఉక్కు ఇరుసుతో 2003లో షిమానో చేసిన ఏర్పాటు మంచిది. దానిని నేను మెచ్చుకొందును, ఏలయన అది షెల్లు మరను విడువలేదు, చోటు లేని కష్టమును చోటు కల్పించి తీర్చినది. కాని అంతటితో ఆగక, మరయే అక్కరలేదని, బేరింగులను షెల్లులోనికి నొక్కి దించుటయే చాలునని మరియొక వాదము బయలుదేరినది. కానన్‌డేల్ సంస్థ తన బీబీ 30 పద్ధతిని 2006లో అందరికి తెరచి ఇచ్చెను. 2009లో ప్రెస్‌ఫిట్ 30, ఆ ముందువెనుకల బీబీ 86, ఇట్టివి మరికొన్ని. తేలికయనిరి, గట్టియనిరి, భవిష్యత్తనిరి.

నొక్కి దించు బేరింగునకు షెల్లు గుండ్రదనము మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్కన సరిపోవలయును. రెండు ప్రక్కల రంధ్రములు ఒకే రేఖలో నుండవలయును. కార్బను అచ్చులో పెద్ద సంఖ్యలో చేయు ఫ్రేములకు ఆ సూక్ష్మత ప్రతిసారియు సాధ్యము కాలేదు. ఫలితము కిర్రుకిర్రుమను చప్పుడు; లక్షల ఖరీదు చేయు సైకిలు చిట్టడవిలో కీచురాయి వలె అరచుట. మెకానికులు అంటు పదార్థములు పూసిరి, మరతో రెండు ప్రక్కలను కలిపి బిగించు ప్రత్యేక బీబీలు పుట్టించిరి. అనగా మరను తీసివేసిన లోపమును మరల మరతోనే పూడ్చిరి. 2014-15లో 47 మిల్లీమీటర్ల మరతో టీ47 అను పద్ధతి పుట్టి, ట్రెక్ వంటి పెద్ద సంస్థలు దానిని చేపట్టినవి. స్పెషలైజ్డ్ సంస్థ 2020లో తెచ్చిన టార్మాక్ ఎస్ఎల్7కు బీఎస్‌ఏ మర వేసినది. బీబీ 30ని పుట్టించిన కానన్‌డేల్ సంస్థ సైతము 2023 నాటి తన సూపర్‌సిక్స్ ఈవోకు 68 మిల్లీమీటర్ల బీఎస్‌ఏ మరను తిరిగి ఇచ్చినది. క్రొత్తది వచ్చినది గనుక పాతది పనికిరాదను సూత్రమునకు దానిని కనిపెట్టినవారే ఇచ్చిన తీర్పు ఇది.

ఇంత చెప్పినను కొందరు "మాకు తీరిక లేదండీ, ఒకసారి వేస్తే మర్చిపోవచ్చుగా" అని అడుగుదురు. వారి తీరికలేమి నాకు అర్థమగును. కాని మరచిపోవు వస్తువు కూడ కొలిచి, మర తుడిచి, గ్రీజు పూసి, తగిన బలముతో బిగించినపుడే మరచిపోవుటకు వీలిచ్చును. సీల్డు బీబీకి షిమానో చెప్పిన బిగింపు 50 నుండి 70 న్యూటను మీటర్లు. దానికి పండ్లున్న ప్రత్యేకమైన పానా కావలెను, షెల్లు మరలో రంగు, తుప్పు ఉండరాదు. ఇవేవియు లేక సుత్తి, ఉలితో తట్టి బిగించిన సీల్డు బీబీ కొన్ని నెలలలోనే కప్పు వద్ద చప్పుడు చేయుట ఆశ్చర్యము కాదు. అప్పుడు దానిని ఇక విప్పుట కూడ కష్టము.

కావున పాఠకులకు నా విన్నపము. రేపు మీ సైకిలు కాలి క్రింద చప్పుడు చేసినచో, దుకాణములో డబ్బు తీయుటకు ముందు క్రాంకును మీ చేతితో ఊపి చూడుడు. బీబీయే యని తేలినచో విప్పి చూపుమని అడుగుడు. కప్పులో దారిని, ఇరుసులో దారిని మీ కంటితో చూడుడు. మార్చవలసినదే యైనచో షెల్లు వెడల్పు, మర, ఇరుసు పొడవు కాగితముపై వ్రాయించుకొని, ఆ కొలతకు తగినది మాత్రమే కొనుడు. "కొలవనక్కర్లేదు, అన్నింటికి ఒకటే" అని చెప్పు దుకాణమునుండి సైకిలును నడిపించుకొని ప్రక్క వీధికి పొండు. అక్కడ పెట్టెలో గొట్టపు ముక్క, విడిగుండ్ల డబ్బా ఉంచుకొన్న ముసలి మెకానికు ఇంకను పని చేయుచుండవచ్చును, ఆయనకు మీ పని ఇండు.